టోచన్ బండి

సాలూరులో లారీ షెడ్ల మధ్య నిలబడి, గొంతు సవరించుకుని, "నాకొక టోచన్ బండి గావాల" అన్నాడు మా ఆయన. ఆ మాట వినగానే అక్కడున్న బ్రోకర్లందరి మొహాలూ వెలిగిపోయాయని మా మావ, అంటే మా ఆయన తండ్రి, ఇప్పటికీ చెబుతుంటాడు. నేనక్కడ లేను. లేకపోయినా ఉన్నట్టే చెప్పగలను, ఎందుకంటే ఈ ముక్కని మా చుట్టాలందరికీ తలా నాలుగుసార్లు చెప్పింది నేనే.

మా ఆయన ఉద్దేశం, వెనకాల ట్రాలీ తగిలిస్తే లాగే బండి అని. పాపం ఎక్కడో విన్నాడు, దారిలో ఆగిపోయిన లారీకి గొలుసు కట్టి లాక్కుపోవడాన్ని టోచన్ అంటారని. విన్న మాటని జేబులో వేసుకుని తిన్నగా సాలూరు వెళ్ళాడు. సాలూరంటే ఏమనుకున్నారు, పాలు తాగే పిల్లాడు కూడా గేరు మార్చే ఊరు. అక్కడ టోచన్ బండి అంటే ఒకటే అర్థం. నడవలేక, ఇంకో బండి లాక్కొస్తే వచ్చి పడ్డ బండి. ఇన్నాళ్ళకి అలాంటిదే కావాలని వెతుక్కుంటూ వచ్చిన మహానుభావుడు దొరికాడని వాళ్ళ సంతోషం.

పొద్దున్నించి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా చూపించారట. ఒకదానికి ఇంజను లేదు. ఇంకోదానికి ఉంది గానీ అది పక్కన గోనెపట్టా మీద ఉంది. ఒక జీపు వెనక సీట్లో కోడి గుడ్లు పొదుగుతోంది, అది లేచేదాకా బేరం లేదన్నాడట బ్రోకరు. ధర చెప్పినప్పుడల్లా మా ఆయన తండ్రి చెవిలో "ఎంత సవకో సూడు నాన్నా" అన్నాడట. మా మావ జన్మంతా ఎడ్లు కొన్న మనిషి. చవక గొడ్డుని చూస్తే ముందు వెనక్కి తిరిగి దారి చూసుకుంటాడు.

చివరికి ఒక ముసలి మెకానిక్ జాలిపడి, "బాబూ, నీకు లాగే బండి గావాలా, లాగించుకునే బండి గావాలా?" అని అడిగాడట. అప్పుడు తెలిసింది మా ఆయనకి తను ఏమడిగాడో. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబుతుంటే నేను నవ్విన నవ్వుకి పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. ఆవిడకి కూడా చెప్పాను.

మాకు బండెందుకో చెప్పలేదు కదూ. మాకొక జనరేటరు ఉండేది, రెండు చక్రాల ట్రాలీ మీద బిగించిన డీజిల్ జనరేటరు. పెళ్ళిళ్ళకీ సభలకీ అద్దెకిచ్చేవాళ్ళం. నేను స్కూలు టీచర్ని, నెలజీతం ఇంటికి తెచ్చేది నేను. అయినా గజపతినగరంలో మా ఆయనకి ఒక పేరూ ఒక పలకరింపూ ఉన్నాయంటే ఆ జనరేటరు వల్లే. ఎక్కడ కరెంటు పోయినా అందరూ ఆయన వైపు చూసేవారు. ఆ చూపు కోసమే ఆయన బతికేవాడని నాకు తెలుసు. వెక్కిరించేదాన్ని గానీ, తెలుసు.

ఆ జనరేటరుకి ఒకటే లోపం, దానికి నడక రాదు. మా ఆయన మేనమామ కొడుకు ట్రాక్టరే ఏళ్ళ తరబడి దాన్ని లాగింది. వాళ్ళిద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకుంటారు. నాకు అన్నయ్య వరస. పెద్ద తుఫానొచ్చి స్తంభాలన్నీ పొలాల్లో పడుకున్న ఏడాది, జనరేటరు ఉన్నవాడికి ఊళ్ళో ఎంత మర్యాదో అన్నయ్య కళ్ళారా చూశాడు. చూసి ఊరుకోలేదు, తనే ఒకటి కొన్నాడు. కొన్న రోజు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, "ఏటనుకోకు బావా. నా ట్రాక్టరు ఇంక నా జనరేటర్నే లాగాల గదా" అన్నాడు. అందులో తప్పేముంది. కాఫీ బాగుందని కూడా అన్నాడు.

ఇంక రెండు నెలలుంది మా సంఘం స్త్రీల సభలకి. బొబ్బిలి వైపు ఒక మిషను కాంపౌండులో ఎండాకాలంలో మూడు రోజులు జరుగుతాయి. మైకు, ఫ్యాన్లు, వంటల దగ్గర లైట్లు, అన్నిటికీ ఏటా మా జనరేటరే. ఆ ఏడాది మేం తీసుకెళ్ళలేకపోతే పెద్దలు అన్నయ్యని పిలుస్తారు. ఒక్కసారి పిలిచారంటే ఇక అంతే, మా వాళ్ళు పాస్టర్ని మారుస్తారు గానీ జనరేటర్ని మార్చరు. అది పోతే పెళ్ళిళ్ళూ పోతాయి. మా ఆయన జనరేటరు మనిషి కాస్తా టీచరమ్మ మొగుడు అయిపోతాడు. ఈ మాట ఆయన నాతో అనలేదు. రాత్రిళ్ళు ఫోన్లో బళ్ళ ఫొటోలు చూస్తూ పడుకోకపోతే నాకే తెలిసింది.

మా చేతిలో ఉన్న సొమ్ముకి కొత్తది కలలోకి కూడా రాదు. సెకండ్‌హ్యాండే. అప్పణ్ణించి మా ఇంటికి సలహాలు రావడం మొదలయ్యాయి. ఒకడు మైలేజీ చూడమన్నాడు, ఒకడు టైర్లు చూడమన్నాడు. రంగు తెలుపైతే మళ్ళీ అమ్ముకోడానికి బాగుంటుందన్నాడొకడు, మేమింకా కొననే లేదు. మా తోటి టీచరు ఒకాయన పాటల డబ్బా ఏ కంపెనీదో చూసుకోమన్నాడు. మా వరండాలో కూర్చుని మా కాఫీ తాగిన వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు, "ఆ జనరేటరు ఎంత బరువుంటాది?" అని అడగలేదు. ఎవరో ఎందుకు, నేనూ అడగలేదు.

ఆ రోజుల్లోనే తెలిసింది నాకు, శ్రీకాకుళంలో అమ్మకానికొచ్చిన ప్రతి బండీ ఒక డాక్టరుగారిదని. డాక్టరుగారు వాడిన బండండీ, ఇంటినుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి, అంతే. జీపు డాక్టరుగారిది, వ్యాను డాక్టరుగారిది. ఒక పాల వ్యాను కూడా డాక్టరుగారిదే అన్నాడు బ్రోకరు, డబ్బాల గుర్తులు పైకి కనిపిస్తుండగానే. ఇంతమంది డాక్టర్లు ఇన్నిన్ని బళ్ళు మారుస్తూ తిరుగుతుంటే, మా వైపు వాళ్ళం జ్వరమొస్తే విశాఖపట్నం ఎందుకు పరిగెడతామో నాకు అర్థం కాలేదు.

ఒక శనివారం ముగ్గురం బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళాం. బ్రోకరు ఏవేవో చూపించాక, మూలనున్న ఒక పికప్ బండి దగ్గర మా మావ ఆగిపోయాడు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనకాల ఖాళీ తొట్టి. నీలం రంగు ఒకప్పుడు వేసినట్టున్నారు. సముద్రం వైపు నుంచి చేపల పెట్టెలు మోసిన బండి. డాక్టరుగారిది కాదని బ్రోకరే ఒప్పుకున్నాడంటే చూసుకోండి. పది అడుగుల దూరంలో ఉండగానే వాసన నా దగ్గరకి వచ్చి పలకరించింది.

మా మావ ముందు వైపు చూడనే లేదు. వెనక్కెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. అడుగున చాసిస్‌కి బోల్టులేసి బిగించిన కొక్కెం ఒకటి ఉంది, ఐసు పెట్టెల ట్రాలీ లాగడానికి పెట్టించుకున్నారట. దాని మీద బొటనవేలు పెట్టి రాశాడు. ఒక పక్క అరిగి నున్నగా మెరుస్తోంది. "ఒరే, ఇలా రా" అని కొడుకుని పిలిచాడు. "మానాపురం సంతలో ఎద్దుని కొన్నప్పుడు ముందు ఏటి సూస్తాం? మెడ సూస్తాం. కాడి మోసిన గొడ్డుకి మెడ కాయ కాసి ఉంటాది. దీని మెడ సూడు. ఇది లాగిన గొడ్డురా. ఇంక ఏటీ సూడక్కర్నేదు."

మా ఆయన కూడా వేలు పెట్టి చూశాడు. బండి స్టార్ట్ చేయించాడు, బానెట్ ఎత్తాడు, చెవి పెట్టి విన్నాడు. ఆయన మొహం చూస్తే నాకు తెలిసిపోయింది, బండి నచ్చింది. మా చేతిలో ఉన్నదానికి సరిపోతుంది కూడా. సోమవారం వచ్చి మాటాడతాం అని బ్రోకరుకి చెప్పి బస్సెక్కాం.

బస్సులో మా మావ కిటికీ పక్కన కునుకు తీస్తున్నాడు. అప్పుడన్నాను నేను, మెల్లిగా, మా ఆయనకి మాత్రమే వినపడేలా. "ఆ కంపు బండిలోంచి నన్ను ఆదివారం చర్చి దగ్గర దిగమంటావేటి? స్కూల్లో పిల్లలు నన్ను చేపల టీచర్ అంటారు. ఎలాగూ కొంటున్నాం, నలుగురం కూర్చునేది, అద్దాలున్నది కొనలేవా? ఆ చేపల బండే కొంటే నేను ఎక్కను, నువ్వూ మీ నాన్నా ఊరేగండి."

గజపతినగరం వచ్చాక ఆయన "సర్లే" అన్నాడు. మా మావకి ఏం చెప్పాడో నేనడగలేదు. నా పని అయిపోయింది కదా.

మరో రెండు వారాలకి తెల్లటి బండి వచ్చింది మా ఇంటి ముందుకి. ఏడుగురు కూర్చోవచ్చు, ఏసీ ఉంది, అద్దాలు స్విచ్చి నొక్కితే దిగుతాయి. నిజంగానే ఒక డాక్టరుగారిది. ఆ డాక్టరుగార్ని తప్ప అది జన్మలో ఇంకేమీ మొయ్యలేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మాకు ముహూర్తాల్లేవు, వాస్తు లేదు, అలాంటివి మేం నమ్మం. పాస్టరుగారు సందు మలుపు తిరిగాక మా ఆయన నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఎందుకైనా మంచిదని కాయలు తెచ్చిచ్చింది నేనే.

మా మావ మాత్రం వెనక్కెళ్ళి వంగి చూశాడు. అక్కడ నున్నటి తెల్ల రేకు బంపరు తప్ప ఏమీ లేదు. "దీనికి మెడే నేదురా" అన్నాడు. అందరం నవ్వాం. మెడ పెట్టిద్దామన్నాడు మా ఆయన. సాలూరు తీసుకెళ్ళి చాసిస్‌కి బోల్టులేయిస్తానంటే, ఆ జిడ్డు చేతులన్నీ తెల్ల బండి మీద పడతాయని నేనే వద్దన్నాను. మా వీధి చివర గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగు షాపుంది. అతనికి బొజ్జ పెద్దది, బండి కిందకి దూరడం పడదు. అందుకని పైనుంచి చేతికందిన చోట, బంపరుకే కొక్కెం అతికేశాడు. "గట్టిగా ఉంటాదా?" అని మా ఆయన అడిగితే, "నాను సేసిన గేటు ఇంతవరకు ఒక్కటి ఊడిందేటి?" అన్నాడు. గేటు దేన్నీ లాగదు కదా అని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

సభల మొదటి రోజు పొద్దున్నే బయల్దేరాం. నేను స్త్రీల సమాజం కార్యదర్శిని, పదిన్నరకి నివేదిక చదవాలి. తెల్ల చీర కట్టుకుని, తెల్ల బండిలో ముందు సీట్లో కూర్చున్నాను. దుమ్ము పడకుండా అద్దాలు ఎత్తించాను. ఏసీ, పాటలు పెట్టించాను. బండి మూలుగుతూ నడుస్తోంది. చిన్న ఎత్తు వచ్చినా రెండో గేరు. మా ఆయన స్టీరింగు మీదకి వంగి, బండితో పాటు తనూ లాగుతున్నట్టు కూర్చున్నాడు. నేను మాత్రం దారిలో బస్సుల కోసం నిలబడ్డ వాళ్ళు మమ్మల్ని చూస్తున్నారో లేదో చూసుకుంటున్నాను.

మానాపురం దాటాక ఒక స్పీడు బ్రేకరు. బండి ఎగిరి దిగింది. దిగాక మాత్రం ప్రాణం లేచొచ్చినట్టు పరుగందుకుంది. నాలుగో గేరులో ఎత్తులెక్కేసింది. మా ఆయన మొహంలో రెండు నెలల తర్వాత నవ్వు చూశాను. "సూసినావా? ఇంజను ఏడెక్కే దాకా కొంచెం మొరాయించినాది. ఇప్పుడు సూడు పికప్పు" అన్నాడు. బాగుందన్నాను. తెల్ల బండే మేలు అన్నాను కూడా. పాట సౌండు పెంచాను.

అలా పన్నెండు మైళ్ళు పాట వింటూ వెళ్ళి కాంపౌండు గేటు ముందు ఠీవిగా ఆగాం. షామియానా కింద అప్పటికే ఆడవాళ్ళు చీర కొంగులతో విసురుకుంటున్నారు. నేను దిగాను, నలుగురూ చూసేలాగే దిగాను. సంఘ పెద్ద ఒకావిడ బండి వెనక్కి వెళ్ళి, ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, "జనరేటరేదమ్మా?" అంది.

మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. జనరేటరు లేదు. బంపరూ లేదు. బంపరుండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి. ఆయన ఆ వైర్లని చేత్తో పట్టుకుని చూశాడు, వాటి చివరన ఏదైనా ఉంటుందేమో అన్నట్టు. ఎవరో ముందు నవ్వారు. తర్వాత ఎవరు నవ్వలేదో నాకు తెలీదు. ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద జాలితో కాదు, నా తెల్ల చీర చూసుకుని వచ్చింది.

వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాం. ఏసీ వెయ్యలేదు, పాటలు లేవు. మానాపురం దగ్గర రోడ్డు దిగువన నువ్వు చేలో, మూతి నేలకి ఆనించి పడుంది మా జనరేటరు. కొక్కేనికి మా బంపరు అలాగే అంటుకునుంది. వెల్డింగతను చెప్పింది నిజమే, అతికిన చోట ఊడలేదు. చేను గలావిడ దాని పక్కనే కూర్చుని ఉంది. "మీదేనేటమ్మా ఇది? నాను కలుపు తీస్తంటే దాని మానాన అది వొచ్చీసినాది. ఎవులికీ తగల్నేదు, దేవుడు సల్లగా సూసినాడు" అంది. మా ఆయన ఆవిడకి దణ్ణం పెట్టాడు. ట్రాలీ ఇరుసు వంగిపోయింది. ట్రాక్టరు తెచ్చి లాగితే తప్ప అది గట్టెక్కదు.

అప్పుడే గజపతినగరం వైపు నుంచి ఒక బండి వచ్చి మా దగ్గర ఆగింది. నీలం పికప్పు. వెనకాల కొక్కేనికి ట్రాలీ, ట్రాలీ మీద అన్నయ్య జనరేటరు. ఎత్తు రోడ్డు మీద అంత బరువుతో వచ్చి కూడా రొప్పకుండా నిలబడింది. పెద్దలు ఫోన్ చేశారట. అన్నయ్య దిగి, చేలోకి చూసి, బంపరు లేని మా బండిని చూసి, ఒక్క మాట కూడా ఎకసెక్కెం చెయ్యలేదు. "దెబ్బలేటీ తగల్నేదు గదా బావా" అన్నాడు. "నువ్వెల్లు బావా, అక్కడ ఆడోళ్ళు ఉడికిపోతన్నారు. దీన్ని కూడా తీసుకుపో, నివేదిక సదవాల" అన్నాడు మా ఆయన. అని చేలోకి దిగి జనరేటరు మీద మట్టి తుడవడం మొదలెట్టాడు.

నేను పికప్పు ఎక్కాను. ఎక్కే ముందు కొంగు ముక్కు దాకా తెచ్చి, అన్నయ్య చూస్తాడని దించాను. కొంతదూరం పోయాక అతనే అడిగాడు, "వాసన తెలుస్తన్నాదేటి సెల్లీ? సేపల బండిలే ఇది. వారం రోజులు సోడా యేసి కడిగించినాను."

గట్టిగా పీల్చి చూశాను. డీజిల్ వాసన తప్ప ఏమీ లేదు. వారం రోజులు కడిగితే పోయే కంపు. లేదన్నయ్యా అన్నాను.

"శ్రీకాకుళంలో దొరికింది" అన్నాడు అన్నయ్య. "మీ మావే సెప్పినాడు, మెడ కాసిన బండి ఉన్నాదని. మరి మీరెందుకు ఒగ్గీసినారని బావనడిగితే, ఇంజను పొగ పెడతన్నాది, నాకు నచ్చనేదు అన్నాడు. మీ మావ కూడా మొన్నటిదాకా తిట్టినాడంట, నువ్వేటి సూసినావురా ఇంజను అని. తల దించుకుని ఊరుకున్నాడు గానీ మాటాడనేదంట. సెల్లీ, నాను మెకానిక్కిని తీసుకెల్లి సూపించినాను గదా, పొగ నేదు ఏటీ నేదు. బంగారం నాంటి ఇంజను. బావ అంత తప్పెలా సూసినాడో నాకు బోధపడ్డం నేదు."

అద్దం దించి ఉంది. వేడిగాలి మొహానికి కొడుతోంది. వెనక అద్దంలో అన్నయ్య జనరేటరు బుద్ధిగా మా వెంట వస్తోంది. నేను చెప్పాల్సింది ఒకటే మాట, చిన్న మాట, అన్నయ్య తప్ప వినేవాళ్ళు కూడా ఎవరూ లేరు. నోటిదాకా వచ్చింది.

"ఆయనకి బళ్ళ సంగతి ఏం తెలుసన్నయ్యా" అన్నాను. "సాలూరెళ్ళి టోచన్ బండి కావాలని అడిగిన మనిషి."

అన్నయ్య స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను.